క్రైస్తవగేయములును ప్రకృతివింతలును

గత డిసెంబరు మాసమున నొక సాయంకాలము మేము కంభము చెరువుకట్టమీద నడచుచుండగా ఊరివైపునుండి క్రిస్మసు పాట యొకటి మైకులో వినవచ్చెను. డోలక్కు చక్కగా మ్రోగుచుండెను. పాడిన గొంతు పల్లెగొంతు. అయినను ఎక్కడను అపశ్రుతి లేదు. మేము నిలిచి వింటిమి. చరణమునకును చరణమునకును నడుమ గాయకుడే పాట నాపి యొక వింత చెప్పెను. పక్షిరాజు డెబ్బది యేండ్లు బ్రతుకునట. నలువదవ యేట దాని ముక్కు వంగిపోయి, గోళ్లు మెత్తబడి, రెక్కలు బరువెక్కునట. అప్పుడది కొండకొమ్ము నెక్కి, ముక్కును ఱాతికి గొట్టి విఱుగగొట్టుకొని, క్రొత్తముక్కు మొలచినపిదప దానితో గోళ్లను, ఈకలను పెఱికివేసికొని, నూటయేబది దినములు వేచియుండి, మరల యౌవనము పొంది ముప్పది యేండ్లు బ్రతుకునట. "ఇది శాస్త్రజ్ఞులు కనిపెట్టిన నిజం" అని ముగించి ఆయన పాట నందుకొనెను.

మఱునాడు మా తరగతిలో నొక బాలుడు లేచి, "సార్, గద్ద నలభయ్యేండ్లకు ముక్కు రాయికేసి ఇరగ్గొట్టుకుంటాదంట గదా, మన పుస్తకంలో లేదేం సార్?" అని యడిగెను. పుస్తకమున లేకుండుటకు కారణము అది నిజము గాకుండుటయే యని మేము చెప్పితిమి. బాలుని ముఖము చిన్నబోయినది. "అయితే మా మామ అబద్ధం చెప్పినాడా సార్?" అని వాడు మెల్లగా ననెను. రాత్రి పాడినవాడు వాని మేనమామ యని మాకప్పుడు తెలిసినది.

బాలుని ఈ రెండవప్రశ్నయే మాచే నీ వ్యాసమును వ్రాయించుచున్నది. ఒకరి విశ్వాసమును తూచుట మా పని గాదు. పాటలో ప్రకృతి యెట్లు నిలువవలెను, ఎట్లు నిలువరాదు అనునది సాహిత్యవిషయము. దానినే యిచట విచారింతుము.

తెలుగు క్రైస్తవగేయమును చిన్నచూపు చూచుట మన పండితులలో పలువురకు అలవాటు. అది న్యాయము గాదు. పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలగువారు దక్షిణదేశపు కీర్తనమర్యాదను పల్లవితోను, చరణములతోను గైకొని తమ భక్తిని పాడుకొనిరి. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను సంపుటమును విప్పిచూచినవారికి పాటలపైన రాగతాళముల పేళ్లు కనబడును. పరదేశపు మతము తెలుగుగొంతున నిలిచినది పాశ్చాత్యుల బాణీలతోనే గాదు. మన రాగములతోను, మన తాళములతోను గూడ.

ఈ పాటలు ఎవరికి చేరినవో యదియు తలపవలసిన విషయమే. 1876 మొదలు 1878 వఱకు ఈ సీమను దారుణమైన కఱవు పీడించెను. ఆ కఱవునకు వెంటనే, 1878 జూలై 3వ తేదీన, ఒంగోలు ప్రాంతమున వెల్లంపల్లివద్ద గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో పెక్కుమంది మాదిగలు. నల్లమలలో పుట్టి, మా కంభము చెరువును నింపి, తూర్పునకు సాగి సముద్రమున గలియు గుండ్లకమ్మయే యది. బడిగడపయు, గుడిగడపయు ఎక్కనీయబడని జనమునకు, నాగలిపట్టుచును, తోలు కుట్టుచును పాడుకొనుటకు తమదని చెప్పుకొనదగిన వాఙ్మయము ఈ కీర్తనలతో లభించినది. అక్షరము రాని తల్లి దావీదు కథను, యోబు కథను పాటగా నేర్చి బిడ్డకు చెప్పినది. వారికి పాటయే బడి. కావుననే ఆ బడిలో ఏమి నేర్పుచున్నారని మేమడుగుచున్నాము.

కీర్తనల పుస్తకము తరువాత క్యాసెట్లు వచ్చినవి. ఇప్పుడు చేతిఫోనులో దినమున కొక క్రొత్తపాట వచ్చుచున్నది. పాటతో పాటు నడుమ చెప్పు మాటలును పెరిగినవి. ఆ మాటలలో ప్రకృతివింతల కున్నంత గిరాకి మఱి దేనికిని లేదు. పక్షిరాజు కథ వానిలో మొదటిది.

కథను పరీక్షింతము. పక్షి ముక్కుపై నుండు పొర మన గోళ్లవంటి పదార్థముతో నేర్పడినది. అది నిత్యము పెరుగుచు, వాడుకచే నిత్యము అరుగుచుండును. మాంసమును చీల్చుటకు గ్రద్దకు ముక్కే సాధనము. అది మొదలంట విఱిగిన గ్రద్ద తినలేదు; అయిదు మాసములు తినక యే గ్రద్దయు బ్రతుకదు. పెద్దజాతి గ్రద్దలు సయితము అడవిలో ముప్పదియేండ్లు దాటి బ్రతుకుట అరుదు; ఇక నలువదవయేట ప్రారంభమగు రెండవ యౌవన మెక్కడిది?

దీనికి మా సంస్కృతమిత్రు లొకరు ఆక్షేపణ చెప్పిరి. "చకోరము వెన్నెల త్రావునా? హంస పాలను నీళ్లను వేఱుచేయునా? స్వాతివాన చినుకు ముత్యమగునా? వీనిని మీరు తరగతిలో మెచ్చుకొనుచు బోధింతురే! క్రైస్తవుని గ్రద్దకు మాత్రమే సాక్ష్యము అడుగుటలో ధర్మమేమి?" అనిరి. ప్రశ్న గట్టిది. రాజశేఖరుడు కావ్యమీమాంసలో నిట్టి వానికి కవిసమయములని పేరిడి, లోకమున లేనిదానిని ఉన్నట్లు చెప్పుటయు, ఉన్నదానిని లేనట్లు విడుచుటయు నందలి భేదములని విభజించెను. అయితే కవిసమయమున కవికిని శ్రోతకును ముందే యొక ఒడంబడిక యున్నది. చకోరము వెన్నెల త్రావునని విన్నవాడెవ్వడును పంజరమున చకోరమును బెట్టి వెన్నెలలో నుంచడు. శాస్త్రజ్ఞులు కనిపెట్టిరని కవి యెన్నడును చెప్పలేదు. గ్రద్దకథ చెప్పువాడు ఆ ఒడంబడికను విడిచి శాస్త్రముయొక్క ముద్రను ఎరువు దెచ్చుకొనుచున్నాడు. నలువది, నూటయేబది అను అంకెలును ఆ ముద్రకొఱకే. శాస్త్రముపేర చెప్పినదానిని శాస్త్రముచేతనే పరీక్షింపవలసియుండును. ఆ పరీక్షలో తప్పినప్పుడు దానితోపాటు పాటయు, పాడినవాడును బాలుని కంట పలుచనగుదురు.

ఈ కథకు వంశవృక్షము కలదు. క్రీస్తుశకపు తొలిశతాబ్దులలో గ్రీకుభాషయందు పుట్టిన 'ఫిజియోలోగస్' అను గ్రంథమున ముసలిగ్రద్ద సూర్యునివైపు ఎగిరి రెక్కలు కాల్చుకొని నీటియూటలో మునిగి యౌవనము పొందునని యున్నది. అగస్టీను (354-430) 103వ కీర్తనకు వ్యాఖ్యానము చెప్పుచు, వార్ధక్యమున గ్రద్ద పైముక్కు మితిమీఱి పెరిగి తిననీయనప్పుడు అది దానిని ఱాతికి రాచి అరుగగొట్టుకొనునని చెప్పెను. ముక్కు నిత్యము పెరుగుటయు, పక్షులు దానిని గట్టివస్తువులకు రాచుకొనుటయు నిజమే గనుక ఆ మాటలో కొంత సంభావ్యత యున్నది. విఱుగగొట్టుటయు, పెఱికివేయుటయు తరువాతివారి చేర్పులు. గూడబాతు తన రక్తముతో పిల్లలను బ్రతికించునను కథను వేఱొకచోట ఎత్తుకొన్నప్పుడు, అది నిజము కావచ్చును, కాకపోవచ్చును సుమా యని అగస్టీను ముందుగా హెచ్చరించెను. పదునారువందల యేండ్ల క్రిందటి మతాచార్యుడు చూపిన ఆ జాగ్రత్త నేటి మైకులవద్ద కానరాదు.

ఇంతకును మూలగ్రంథమేమనుచున్నది? 103వ కీర్తనయందు పక్షిరాజువలె యౌవనము క్రొత్తదగునను భావము మాత్రమే కలదు, ముక్కుమాట లేదు. హెబ్రీయున నున్న పదము 'నెషెరు.' మీకా ప్రవచనమున ఆ పక్షి బోడితల ప్రస్తావింపబడినది. గ్రద్ద తలనిండ ఈకలుండును. బోడితల ఱాబందునకు గలదు. కావున ఆ పదము పలుచోట్ల ఱాబందునే చెప్పునని పండితులు పెక్కురు తలచుచున్నారు. తెలుగున పక్షిరాజనగనే మనకు గరుత్మంతుడు తలపునకు వచ్చును. మూలమందలి పక్షి పీనుగులున్నచోట వాలునది. యోబు గ్రంథపు 39వ అధ్యాయమున ఆ పక్షి కొండచఱియపై గూడుకట్టుటయు, దూరమునుండి ఎరను గనుటయు, చచ్చినవారున్నచోట నుండుటయు కన్నులారా చూచినవాని మాటలుగా నున్నవి. అచట దేవుడు యోబునకు వింతలను రుజువులుగా చూపుట లేదు. నీకిది తెలియునా, నీవిది చేయగలవా యని ప్రశ్నించుచున్నాడు. ప్రశ్న వినయమును బుట్టించును. కల్పితమైన రుజువు గర్వమును బుట్టించి, తుదకు సందేహమును మిగుల్చును. ప్రకృతిని పాటలోనికి తెచ్చు పద్ధతి ఈ అధ్యాయముకంటె చక్కగా ఎచటను దొరకదని మా యభిప్రాయము.

మఱి యౌవనము క్రొత్తదగుట కేవలము ఉత్ప్రేక్షయా? కాదు. పెద్దపక్షుల రెక్కలలోని ఈకలన్నియు నొక్కమాఱు రాలవు. రెండుమూడు రాలి, వాని స్థానమున క్రొత్తవి మొలచినపిదప మఱి రెండుమూడు రాలును. రెక్కంతయు మాఱుటకు ఒక యేడు చాలదు. ఆ కాలమంతయు పక్షి ఎగురుచునే యుండును, వేట మానదు, పిల్లలను విడువదు. పనిలో నుండుచునే కొంచెము కొంచెముగా క్రొత్తదగుచున్నది. నిత్యము కూలికి బోయి, రాత్రి వచ్చి ప్రార్థన చేసికొను మనుష్యునికి, అయిదు మాసములు కొండపై కూర్చుండు గ్రద్దకంటె ఈ గ్రద్ద దగ్గఱిచుట్టము గాదా?

ఆ ఱాబందులకు మన కాలమున నేమాయెనో గూడ పాడువారు తెలిసికొనవలెను. పశువుల నొప్పులకిచ్చు డైక్లోఫెనాక్ అను మందు చచ్చిన పశువుల మాంసముగుండ వాని కడుపున జేరి మూత్రపిండములను చెఱచెను. 1992కును 2007కును నడుమ భారతదేశమున తెల్లవీపు ఱాబందులు నూటికి 99 పాళ్లకు పైగా నశించినవి. కారణము 2004లో వెల్లడియైనది. పశువైద్యమున ఆ మందు 2006లో నిషేధింపబడినది. పక్షిరాజు యౌవనమును మనము పాడుచుండగనే ఆకసమునుండి ఆ పక్షి మాయమైనది. ఇది పాటకు దగిన విషయము కాదని యెవరనగలరు?

వింతయే కావలసినచో మా సీమలో కొదువ లేదు. 1899లో గుత్తి రైల్వే కట్టెలదొడ్డిలో దొరికిన యొక పెద్దసాలెపురుగును పోకాకను శాస్త్రజ్ఞుడు వర్ణించెను. దాని మేను నీలమణివలె మెఱయును. అటుపై నూఱేండ్లవఱకు అది శాస్త్రజ్ఞుల కంటబడలేదు. 2001లో నంద్యాలకును గిద్దలూరునకును నడుమనున్న అడవిలో మరల కనబడినది. చెట్టుతొఱ్ఱలలో నివసించు ఆ పురుగు ఇల్లు నూఱు చదరపు కిలోమీటర్లకు మించని అడవి. దాని నీలిమ రంగుపదార్థముచే గలిగినది కాదు. వెండ్రుకల సూక్ష్మనిర్మాణము నీలికాంతిని మాత్రమే మరలించుటచే గలిగినది. కట్టెలకు పోవు మా యూరి స్త్రీలకు కూతవేటు దూరమున నుండు ఈ యద్భుతమునుగూర్చి మే మొక్కపాటను వినలేదు.

నిజమైన ప్రకృతి కావ్యమున కెంత బలమిచ్చునో చూపినవాడు మన పొరుగునే యున్న వినుకొండలో పుట్టిన గుఱ్ఱము జాషువ (1895-1971). క్రైస్తవగృహమున పెరిగిన ఆ కవి 1941లో 'గబ్బిలము'ను వెలువరించెను. మేఘమును, హంసను విడిచి, జనము అశుభమని తరుము ప్రాణిని దూతగా గైకొనెను. గబ్బిలము గుడిలో దూరి తలక్రిందుగా వ్రేలాడుట అందఱెఱిగిన సంగతి. అస్పృశ్యుడని మనుష్యుని వెలుపల నిలిపిన గుడిలో గబ్బిలమునకు చోటున్నదను ఆ సంగతియందే కావ్యహృదయ మున్నది. జాషువ ఆ ప్రాణికి లేని గుణమును దేనిని కల్పింప నక్కఱలేకపోయెను.

కొన్నాళ్లకు బాలుని మేనమామ మా యింటికి వచ్చెను. కోపముతో వచ్చెనేమో యని మేము శంకించితిమి, అట్లుగాదు. మేము ఈకలసంగతి చెప్పగా శ్రద్ధతో విని, "ఎగురుతానే మారుతాదా సార్?" అని రెండుమాఱులు అడిగెను. పిదప తల గోకికొని, "ముక్కు కతకు జనం చప్పట్లు కొడతారు సార్. ఈకల కతకు కొడతారంటారా?" అనెను. మేము వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిమి. చప్పట్లు పుట్టించు నేర్పు మాకు లేదు. అది ఆయనకు గలదు. సత్యమును గొంతెత్తి పాడదగినదిగా చేయుట పాటకట్టువాని పని. అందుకు వలయు సత్యమును వెదకి యిచ్చుట మావంటివారి పని. ఈ రెండు పనులును ఇన్నాళ్లు వేఱువేఱు వీధులలో జరిగినవి. తప్పులో మాకును పాలు కలదు.