సందు లేని పొదుగు పని

టేకు పలకలో తెల్లని అంకుడు కర్రతో పొదిగిన ‘శ్రీ’ అక్షరం అది. క్రావడి వచ్చి అక్షరాన్ని కలిసే చోట మూల సూదిమొనలా ఉంది. గోరు పెట్టి లాగినా ఎక్కడా తగలదు. రంపపు పొట్టు కలిపిన జిగురుతో పూడ్చిన జాడే లేదు. కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ రూటర్ మీద చేసిన పని ఇది. మెషీన్ పనే కదా అని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు.

గుండ్రంగా తిరిగే బిట్‌కి లోపలి మూల లొంగదు. 3 మి.మీ. స్ట్రెయిట్ బిట్‌తో గూడు తవ్వితే ప్రతి లోమూలా 1.5 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రబడుతుంది. ఉలి పట్టక తప్పదు. మొన ‘V’ ఆకారంలో ఉండే వీ-బిట్ అలా కాదు. దారి ఇరుకయ్యేకొద్దీ పైకి లేస్తూ, మూలకు చేరేసరికి మొన పలక పైతలానికి వచ్చేస్తుంది. మూల పదునుగా తేలుతుంది.

అసలు నేర్పంతా వాలులో ఉంది. గూడు గోడలు లోతుకు పోయేకొద్దీ దగ్గరవుతాయి. పొదిగే ముక్కను అద్దంలో కనిపించేలా తిరగేసి, అదే బిట్‌తో కోస్తారు. బోర్లించి నొక్కితే చీల దిగినట్టు బిగుస్తుంది. గూడు లోతు 5 మి.మీ. అనుకుంటే, ముక్క 4 మి.మీ. మాత్రమే దిగేలా లెక్క కట్టాలి. అడుగున మిగిలే 1 మి.మీ. జిగురుకి. ఆ ఖాళీ వదలకపోతే ముక్క ముందే అడుగుకు తగిలి ఆగిపోతుంది, పైన అంచు వెంట గీతలా సందు మిగులుతుంది. 60 డిగ్రీల బిట్‌తో లోతులో 0.1 మి.మీ. తప్పితే పక్కకు దాదాపు 0.06 మి.మీ. తేడా వస్తుంది. పలక చదును, బిట్ ఎత్తు చూసుకోవడంలోనే పనివాడి ఓపికంతా తెలుస్తుంది.

జిగురు ఆరాక పైకి పొడుచుకొచ్చిన చెక్కను కోసేసి నున్నగా రుద్దుతారు. నాకు బాగా నచ్చినది ఇక్కడే ఉంది: మరికాస్త అరగదీసినా అక్షరం సన్నబడుతుందే తప్ప సందు తెరుచుకోదు. రెండు గోడలూ ఒకే వాలున కలిసి ఉన్నాయి కదా! పలుచని చెక్కపొరలను జతచేసి, రంపపు బల్లను కాస్త వాల్చి కోసే చేతిపనివాళ్లకు ఈ కిటుకు పాతదే. రంపం తినేసిన మందాన్ని ఆ వాలు పూడుస్తుంది.

పొదుగు పని కొనేటప్పుడు ముందు లోమూలలు చూడండి. అక్కడ నల్లని గీత లేకపోతే, అడిగిన ధర ఇచ్చేయండి.