పాతర: పదార్థవిచారము

ధాన్యాదులను కూడబెట్టి యుంచు తావులకు తెలుగున గాదె, గరిసె, కొఠారు, పురి, పాతర మొదలైన పేరులు గలవు. వీనిలో కొఠారు కోష్ఠాగార శబ్దభవమనుట స్పష్టము. పాతర పుట్టుక మాత్రము విచార్యము. యాత్ర జాతర యైనట్లు పాత్ర పాతర యైనదనియు, ధాన్యమునకు పాత్రమగుటచే నర్థమును పొసగుననియు నూహింపవచ్చును. ధ్వనిదృష్టిచే నిది యసాధ్యము కాదు. అయినను ఈ యూహ మాకు సమ్మతము కాదు.

పాత్రశబ్దభవమైన పాతర తెలుగున వేఱుగా నున్నది. దాని యర్థము నాట్యము. పాతరలాడు, పాతరకత్తె యను రూపములు దానికి చెందినవి. ధాన్యపు పాతర యట్టిది కాదు. అది నేల త్రవ్వి, గింజలు పోసి, పైన మన్ను కప్పిన గొయ్యి. పాత్రమువలె నెత్తి వేఱొకచోట నుంచుటకు వీలులేనిది. ఇందు ప్రధానము పాతుట యను క్రియ. కావున పాతర పాతు ధాతుజన్యమైన దేశ్యపదమని మా నిర్ణయము.

ఇట నొక యాక్షేపము రావచ్చును. గోదావరి డెల్టాలో కొద్దిగా త్రవ్విన నీరూరును. గోతిలో వడ్లు నిలువవు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై కాలువలు పాఱిన పిమ్మట నిచట మాగాణి విస్తరించినది. ఇచ్చటి రైతు వడ్లను గాదెలోనో, పురిలోనో పోసెను. పాతర మెట్టసీమల జొన్నకు తగినది. మఱి గోతులు లేని నేలపై నా మాట యెట్లు నిలిచినది?

ఈ యాక్షేపమే మా పక్షమునకు బలము. డెల్టావాసుల నోట ముఖ్యముగా నిలిచినది పాతరవేయు అను పలుకుబడి. దాని యర్థము పూడ్చివేయుట. వస్తువు లేనిచోట ధాత్వర్థమే మిగిలినది. పాత్రమే మూలమైనచో మిగులవలసినది నిలువచేయుట యను నర్థము, పూడ్చుట కాదు.

సాటి పదములును దీనికి తోడ్పడును. పురి యనగా మెలిక. గడ్డి మెలివెట్టి పేనిన మోకును చుట్టుటచే నా కట్టడమున కా పేరు వచ్చినది. నిలువ నిలుచు ధాతువునుండి పుట్టినది. దాచు విధమునుబట్టి పేరిడుట తెలుగువారి వాడుక యని దీనివలన దెలియుచున్నది.

1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశము ఇట్టి పదములను వ్యవసాయదారుల నోట వినవలెనని నేర్పినది. నేడు ధాన్యము కళ్లమునుండి నేరుగా మిల్లునకు బోవుచున్నది. పురి కట్టిన చేతులున్నప్పుడే యా పనిలోని మాటల నడిగి వ్రాసికొనుట మన విధి. నిఘంటువు పదమును దాచగలదు; దానిని కట్టిన తీరును దాచుట కష్టము.