ఒడ్డు దగ్గరే ఉన్నా

గద్వాల దగ్గర కృష్ణ నడుమ గుర్రంగడ్డ ఉంది. ఓ వానాకాలం ఆ ఊరి నుంచి పుట్టిలో తిరిగొస్తున్నాం. నీళ్ల ఉరవడి గట్టిగా ఉంది. రేవు రాయి బారెడు దూరంలోకి వచ్చింది. వనపర్తి బస్సు అందుకోవాల్సిన కుర్రాడు దాన్ని పట్టుకోబోయాడు. పుట్టి నడిపే పెద్దాయన తెడ్డుతో అదే రాయిని తోసి, పుట్టిని మళ్లీ ఏట్లోకి తిప్పేశాడు.

“అందింది కదా పెద్దాయనా!” అన్నాను.

“అందిందనుకునే కాడనే బోర్లపడ్తది సార్. ఒడ్డు యాడికి పోతది? కూసోండ్రి” అన్నాడు.

2023 సెప్టెంబర్ 14న విశాఖపట్నం నుంచి వెళ్లిన చిన్న ప్రైవేటు జెట్ ముంబైలో జోరువానలో దిగుతూ రన్‌వే పక్కకు దూసుకుపోయిందని చదివినప్పుడు నాకు ఆ తెడ్డే గుర్తొచ్చింది. అందులోని ఎనిమిది మందీ బతికారు. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరుకు విమానంలో వచ్చినవాళ్లలో చాలామందికి ఆ అదృష్టం లేదు.

విమానం దించడమంటే నేల తాకే క్షణంలో చూపే నేర్పు అనుకుంటాం. పని అంతకుముందే కుదరాలి. వెయ్యి అడుగుల ఎత్తుకు దిగేసరికి వేగం, వాలు, దిశ సరిపోవాలి. లేదంటే ఇంజన్‌కు జోరిచ్చి పైకి లేచి, చుట్టు తిరిగి రావాలి. పైలట్లు దాన్ని గో అరౌండ్ అంటారు. మంగళూరు విమానంలో కో-పైలట్ ఆ మాట మూడుసార్లు అన్నాడు. దారిలో చాలాసేపు నిద్రపోయి లేచిన కెప్టెన్, ఎత్తు బాగా ఎక్కువున్నా దించడానికే చూశాడు. 8,033 అడుగుల రన్‌వేలో దాదాపు 5,200 అడుగులు దాటాక చక్రాలు నేలను తాకాయి. అది గుట్ట మీది రన్‌వే, చివర లోయ. 158 మంది పోయారు.

మూడుసార్లు చెప్పాడే అని ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. కానీ నేల కనబడ్డాక వదులుకోవడం ఎంత కష్టమో ఆ రోజు పుట్టిలో నాకూ తెలిసింది. నా చేయి కూడా ఆ రాయి వైపు చాచే ఉంది.

మేం బాగా దిగువన, తుమ్మల మధ్య బురదలో దిగాం. కుర్రాడు చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తాడు. పెద్దాయన నడుముకు తాడు చుట్టుకుని, ఒడ్డు వెంట పుట్టిని ఎగువకు లాక్కుంటూ వెళ్లాడు. రేవులో ఇంకా నలుగురు ఎదురుచూస్తున్నారు.