టేబుల్ లైటు తల దించుకున్న రోజు

1986 ఆగస్టు. అమెరికాలోని డాలస్‌లో కంప్యూటర్ గ్రాఫిక్స్ వాళ్లు ఏటా కలుసుకునే సిగ్‌గ్రాఫ్ సమావేశం జరుగుతోంది. తెర మీద రెండు టేబుల్ లైట్లు కనిపించాయి. ఒకటి పెద్దది, ఒకటి పిల్లది. పిల్ల లైటు బంతితో ఆడుకుంటూ ఆడుకుంటూ దాని మీదకెక్కి గెంతుతుంది. బంతిలో గాలి కాస్తా పోతుంది. చప్పబడ్డ బంతిని చూస్తుంది, పెద్ద లైటు వంక చూస్తుంది, తల దించుకుని మెల్లగా పక్కకు జారుకుంటుంది. పెద్దది ఊపిరి పీల్చుకునేలోపే పిల్లది అంతకంటే పెద్ద బంతిని తోసుకుంటూ వచ్చేస్తుంది. అంతే, రెండు నిమిషాల సినిమా. మాటల్లేవు. కళ్లూ నోరూ లేని రెండు వస్తువులు. అయినా తప్పు చేసి దొరికిపోయిన పిల్లాణ్ణి మనింట్లోనే చూసినట్టుంటుంది.

ఆట అయ్యాక జిమ్ బ్లిన్ అనే పేరున్న గ్రాఫిక్స్ శాస్త్రవేత్త దర్శకుడు జాన్ లాసెటర్ దగ్గరికి వచ్చాడు. లైట్లు కదిలేకొద్దీ వాటి నీడలు కూడా సరిగ్గా కదలడం అప్పటికి గొప్ప విషయం. ఆ లెక్క అడుగుతాడేమో, నాకు తెలిసి చావదే అని లాసెటర్ కంగారు పడ్డాడట. బ్లిన్ అడిగింది ఒకటే: ఆ పెద్ద లైటు తల్లా, తండ్రా?

ఆ సినిమా తీసిన పిక్సార్ సంస్థ చరిత్ర ఎవరు అడిగినా నేను ఈ ప్రశ్నతోనే మొదలుపెడతాను. లెక్కలు తెలిసిన మనిషి లెక్కను మరిచిపోయి బంధుత్వం అడిగాడు.

నిజానికి కథ అంతకు పద్నాలుగేళ్ల ముందు ఒక చేతితో మొదలైంది. ఎడ్ క్యాట్‌మల్‌కు చిన్నప్పుడు డిస్నీలో బొమ్మలు గీయాలని కోరిక. అంత బాగా గీయలేనని తెలుసుకుని భౌతికశాస్త్రం, కంప్యూటర్ చదువుల వైపు మళ్లాడు. 1972లో యూటా విశ్వవిద్యాలయంలో చదువుతూ తన ఎడమచేతిని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచాడు. ముందు వ్యాజిలీన్ రాసుకోవడం మరిచిపోయాడు. అచ్చు ఊడదీసేసరికి చేతి మీద వెంట్రుకలన్నీ దానితో పాటే ఊడొచ్చాయి. ఆ అచ్చుతో తీసిన చేతి బొమ్మ మీద మూడు వందల యాభై దాకా త్రికోణాలు, బహుభుజులు గీసి, ఒక్కో మూల కొలత కంప్యూటర్‌కు ఎక్కించి, వేళ్లు ముడుచుకునేలా చేశాడు. ఆ చిన్న ఫిల్మును 2011లో అమెరికా తన జాతీయ చలనచిత్ర భాండాగారంలో చేర్చుకుంది.

ఆ తర్వాత క్యాట్‌మల్ 1974లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి, 1979లో జార్జ్ లూకాస్ సంస్థకు మారాడు. న్యూయార్క్‌లో ఆల్వీ రే స్మిత్ జతయ్యాడు, లూకాస్ దగ్గర లాసెటర్ వచ్చి చేరాడు. పూర్తినిడివి సినిమా మొత్తం కంప్యూటర్‌లో తీయాలన్నది వాళ్ల కల. లూకాస్‌కు ఆ కంప్యూటర్ విభాగం బరువైంది. 1986 ఫిబ్రవరిలో స్టీవ్ జాబ్స్ యాభై లక్షల డాలర్లిచ్చి కొని, ఇంకో యాభై లక్షలు పెట్టుబడి పెట్టాడు. అదే పిక్సార్ అయింది. అమ్మకానికి పెట్టిన సరుకు సినిమా కాదు, పిక్సార్ ఇమేజ్ కంప్యూటర్ అనే ఖరీదైన యంత్రం. ధర లక్షా ముప్పై అయిదు వేల డాలర్లు. మొత్తం మీద మూడు వందలు కూడా అమ్ముడుపోలేదు. యంత్రం సత్తా చూపించడానికని తీసిన చిన్న సినిమాలే చివరికి సంస్థను నిలబెట్టాయి. నడుమ పూట గడవడానికి టీవీ ప్రకటనలు కూడా తీశారు.

ఇక ఆ పిల్ల లైటును కాస్త దగ్గరగా చూద్దాం. లాసెటర్ తన బల్ల మీది లైటునే నమూనాగా తీసుకున్నాడు. ఒకరోజు సహోద్యోగి పసిబిడ్డను ఆఫీసుకు తీసుకొచ్చాడు. ఒంటితో పోలిస్తే బిడ్డ తల పెద్దదిగా ఉండటం లాసెటర్ గమనించాడు. లైటు ఎత్తు తగ్గిస్తే అది పొట్టి లైటవుతుంది తప్ప పిల్ల లైటు కాదు. అందుకని కడ్డీలు బాగా పొట్టివి చేశాడు, బల్బును మాత్రం పెద్దదాని సైజులోనే ఉంచాడు. బల్బు దుకాణంలో కొనుక్కొచ్చేది కదా, లైటుతో పాటు పెరగదు. స్ప్రింగుల లావు కూడా అంతే. చూసేవాళ్లకు ఈ లెక్కేమీ తెలియదు, పసితనం మాత్రం తెలుస్తుంది.

తర్వాత గెంతు. చేత్తో గీసే యానిమేషన్‌లో దేన్నైనా నొక్కి, సాగదీసి దానికి కండ, బరువు ఉన్నాయనిపిస్తారు. డిస్నీ వాళ్లు 1930ల నుంచీ సాధన చేసిన విద్య అది. ఇనుప లైటును సాగదీస్తే రబ్బరైపోతుంది. లాసెటర్ నొక్కుడును కీళ్లలోకి తీసుకెళ్లాడు. గెంతబోయే ముందు లైటు కడ్డీలు ముడుచుకుంటాయి, తల కిందికి వస్తుంది. ఆ క్షణంలో అది గెంతబోతోందని మనకు అర్థమవుతుంది, గెంతాలని దానికే అనిపించిందని కూడా అర్థమవుతుంది. గాలిలో కడ్డీలు చాచుకుంటాయి, నేల తాకగానే మళ్లీ ముడుచుకుంటాయి. పిల్లది గబగబా కదులుతుంది, పెద్దది నిదానంగా తిరుగుతుంది. బరువు, వయసు, స్వభావం అన్నీ ఆ వేగాల తేడాలోనే ఉన్నాయి. లాసెటర్ 1987లో ఈ సూత్రాలన్నీ ఒక పత్రంగా రాసి అదే సిగ్‌గ్రాఫ్‌లో అందరి ముందూ పెట్టాడు. విద్యను దాచుకోలేదు. పిక్సార్‌లో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించే పని ఇది.

1988 నాటి టిన్ టాయ్ ఆస్కార్ గెలిచింది. చిన్న సినిమాల విభాగంలో ఆ బహుమతి ఒక కంప్యూటర్ యానిమేషన్‌కు దక్కడం అదే మొదలు. అందులో తగరపు బొమ్మ ముచ్చటగా ఉంటుంది, పసివాడి ముఖం మాత్రం చూడలేం. చర్మం ప్లాస్టిక్‌లా ఉంటుంది. అప్పటి యంత్రాలకు ఏదైనా ప్లాస్టిక్‌లాగే వచ్చేది. సరే, ప్లాస్టిక్ మనుషుల కథే చెబుదాం అనుకోవడంలో వీళ్ల తెలివి ఉంది. తర్వాత తీసిన పూర్తినిడివి సినిమా టాయ్ స్టోరీలో నాయకులు ఆట బొమ్మలు. కెమెరా వాటి ఎత్తులో ఉంటుంది, మనుషులు చాలాచోట్ల కాళ్లుగానే కనబడతారు. కుదరని దాన్ని కప్పిపుచ్చకుండా, కుదిరిన దాని చుట్టూ కథ అల్లారు.

వుడీ అనే కౌబాయ్ బొమ్మ ఒళ్లంతా ఏడు వందలకు పైగా మీటలు పెట్టారు. కనుబొమ ఒక కొసకు ఒకటి, పెదవి మూలకు ఒకటి, అలా. యానిమేటర్ ముందు అద్దం పెట్టుకుని తన ముఖంలోనే ఆ భావం చూసుకుంటాడు, తర్వాత ఏ మీట ఎంత కదలాలో పెడతాడు. పైన రంగు, గరుకు, మెరుపు వేరేవాళ్లు అద్దుతారు. వెలుగు ఇంకొకరు పెడతారు. ఇదంతా కలిపి కంప్యూటర్ ఒక్కో ఫ్రేమును లెక్కగట్టి బొమ్మగా తేల్చడమే రెండరింగ్. సినిమాలో 1,14,240 ఫ్రేములు. యంత్రాలకు పట్టిన కాలం మొత్తం ఎనిమిది లక్షల గంటలు. అంటే సెకనులో ఇరవై నాలుగో వంతు మన కంటి ముందు నిలిచే బొమ్మకు సగటున ఏడు గంటలు.

ఆ గంటలు యంత్రానివి. మనుషుల కష్టం దానికి ముందే, కథ దగ్గర పడుతుంది. స్టోరీబోర్డు బొమ్మలను వరుసగా పేర్చి, మాటలు, తాత్కాలిక సంగీతం జోడించి సినిమా అంతా ముందే ఒకసారి చూసుకుంటారు. 1993 నవంబరు 19న అలాంటి రీలును, సినిమాకు డబ్బు పెడుతున్న డిస్నీ వాళ్లకు వేసి చూపించారు. అందులో వుడీ ఈర్ష్యతో కుళ్లిపోయిన దుర్మార్గుడు. కావాలనే బజ్ అనే కొత్త బొమ్మను కిటికీలోంచి తోసేస్తాడు. చూసినవాళ్లకు ఒళ్లు మండింది, నిర్మాణం ఆగిపోయింది. పిక్సార్ వాళ్లు దాన్ని బ్లాక్ ఫ్రైడే అని గుర్తుపెట్టుకున్నారు. తిరగరాసిన కథలో వుడీ బజ్‌ను బల్ల వెనక్కి పడేద్దామనే అనుకుంటాడు, పని చెయ్యి దాటిపోయి వాడు కిటికీ బయట పడతాడు. అసూయ అదే, పడిపోవడం అదే. తలపెట్టింది చిన్న తప్పు, జరిగింది పెద్దది. ఆ ఒక్క మార్పుతో వుడీ మనవాడయ్యాడు. 1995 నవంబరు 22న సినిమా విడుదలైంది. పూర్తిగా కంప్యూటర్‌లో తయారైన మొదటి పూర్తినిడివి చిత్రం.

ఇలా తిరగరాయడం తర్వాత పద్ధతిగా మారింది. కొద్ది నెలలకోసారి బ్రెయిన్‌ట్రస్ట్ అనే బృందం కూర్చుని, తీస్తున్న సినిమాను చూసి మొహమాటం లేకుండా తప్పులు చెబుతుంది. ఆజ్ఞాపించే అధికారం మాత్రం దానికి లేదు. వినాలో వద్దో దర్శకుడి ఇష్టం. పైన నిలబడి చెప్పే సలహాకూ, పక్కన కూర్చుని చెప్పే సలహాకూ ఉన్న తేడా కథలు రాసే ఎవరికైనా తెలుసు.

1998లో టాయ్ స్టోరీ 2 తీస్తుండగా ఎవరో కంప్యూటర్‌కు ఇచ్చిన ఒక్క ఆదేశంతో సినిమా ఫైళ్లు వరసగా చెరిగిపోయాయి. బ్యాకప్ చూస్తే అది సరిగా పనిచేయడం లేదని తేలింది. గేలిన్ సుస్మన్ అనే సాంకేతిక పర్యవేక్షకురాలు బాలింతగా ఇంటినుంచే పని చేస్తూ ఒక ప్రతి దగ్గర పెట్టుకుంది. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, కారు వెనక సీట్లో పెట్టుకుని ఆఫీసుకు చేర్చారు. సినిమా బతికింది. అంత అపురూపంగా తెచ్చుకున్న సినిమానే, కథ బాగాలేదని తర్వాత పక్కనపెట్టి, విడుదలకు తొమ్మిది నెలల ముందు దాదాపు మొదటినుంచీ మళ్లీ చేశారు. ఈ సంగతిని వీరగాథలా చెప్పడం నాకు ఇష్టం లేదు. రాత్రీ పగలూ మౌస్ పట్టుకుని చాలామంది చేతులు పాడుచేసుకున్నారు. సినిమా బాగుంది కాబట్టి ఆ నొప్పి న్యాయమైపోదు.

తర్వాత కథలు యంత్రాన్ని ముందుకు లాగాయి. 2001లో మాన్‌స్టర్స్ ఇంక్ కోసం సలీ అనే రాక్షసుడి ఒంటి మీద ఇరవై మూడు లక్షల వెంట్రుకలు కదలాల్సి వచ్చింది. 2003లో ఫైండింగ్ నీమో కోసం సముద్రం, 2012లో బ్రేవ్ కోసం నాయిక మెరిడా ఉంగరాల జుట్టు. 2006లో పిక్సార్‌ను డిస్నీ 740 కోట్ల డాలర్లకు కొనేసింది. మచ్చలూ ఉన్నాయి. బ్రేవ్ కథ తెచ్చిన బ్రెండా చాప్‌మన్‌ను మధ్యలో దర్శకత్వం నుంచి తప్పించారు. ఒక మహిళ ఒక్కరే దర్శకత్వం వహించిన పూర్తినిడివి పిక్సార్ చిత్రం రావడానికి 2022 దాకా, డోమీ షీ తీసిన టర్నింగ్ రెడ్ దాకా పట్టింది. లాసెటర్ ఉద్యోగులతో తన ప్రవర్తనలో తప్పులున్నాయని ఒప్పుకుని 2018 చివర్లో బయటికి వెళ్లాడు. అతని విద్య గొప్పదన్న మాట ఎంత నిజమో, ఇదీ అంతే నిజం.

విద్య మాత్రం గోడ దాటి వెళ్లింది. వీళ్ల రెండర్‌మ్యాన్ సాఫ్ట్‌వేర్‌తో ఇతర సంస్థలు సినిమాలకు గ్రాఫిక్స్ చేసుకున్నాయి. క్యాట్‌మల్‌కూ, పిక్సార్‌లో పనిచేసిన పాట్ హన్రహాన్‌కూ 2019 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. ఇవాళ విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఒక పిల్ల ఉచితంగా దొరికే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌ను దించుకుని, ఒక ఘనాన్ని తెచ్చి, సబ్‌డివిజన్ సర్ఫేస్ అన్నది ఎంచుకుంటే మూలలన్నీ కరిగి నున్నబడతాయి. క్యాట్‌మల్, జిమ్ క్లార్క్ కలిసి 1978లో కట్టిన లెక్క అది. ఆ ముద్దకు రెండు కీళ్లు పెట్టి, గెంతే ముందు కాస్త వంగేలా చేసి, నడిపించి చూడాలి. మొదటిసారి బరువు కుదరదు. వంగే చోట ఇంకో రెండు ఫ్రేములు పెంచి, మళ్లీ చూడాలి.