ప్రవక్త పిలుపు, పదవి పిలుపు: బొజ్జా తారకం జీవితంపై ఒక వేదాంత విమర్శ

పరిచయం

ఎన్నికల ఏడాదిలో మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల్లో సేవ చేసే కాపరులకు ఒక ఆదివారం తప్పకుండా ఎదురవుతుంది. ఆరాధన ముగిసే వేళకు అభ్యర్థి తన అనుచరులతో మందిరానికి వస్తాడు. ముందు వరుసలో కుర్చీలు వేస్తారు. కాపరి ఆయన కోసం ప్రార్థన చేస్తాడు. ప్రహరీ గోడకో, మైకు సెట్టుకో, స్లాబుకో ఒక వాగ్దానం వినిపిస్తుంది. మరుసటి వారం ఇంకో పార్టీ అభ్యర్థి వస్తాడు, అదే ప్రార్థన జరుగుతుంది. అదే కాపరి వారం మధ్య కూడికలో మాత్రం రాజకీయాలు లోకసంబంధమైనవని, విశ్వాసికి వాటితో పనిలేదని బోధిస్తాడు. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేస్తున్నా మనకు వింతగా తోచడం లేదు.

అన్యాయాన్ని ఎదిరించి జైలుకు వెళ్ళిన మనిషి తర్వాత రాజకీయ పక్షంలోకి వస్తే, ఆ జీవితాన్ని సంఘం ఎలా చదవాలి? ఈ వ్యాసం ఆ ప్రశ్నను బొజ్జా తారకం (1939-2016) జీవితం ఆధారంగా పరిశీలిస్తుంది. ఆయన క్రైస్తవ నాయకుడు కాడు, అంబేద్కర్ వాది. అయినా మన సంఘాల చరిత్రలో అతి బాధాకరమైన ఒక అధ్యాయంలో మనకంటే ముందు నిలబడ్డాడు.

1. దూరపు ఉదాహరణ, దగ్గరి మౌనం

మన సెమినరీ విద్యార్థులకు కొరియా దేశపు మింజుంగ్ వేదాంతం తెలుసు. మార్కు సువార్తలో యేసు చుట్టూ చేరిన జనసమూహాన్ని సూచించే 'ఓక్లోస్' అనే గ్రీకు పదంపై అన్ బ్యుంగ్ మూ చేసిన పరిశీలనను పరీక్షల్లో రాస్తారు. ఆ వేదాంతం తరగతి గదిలో మాత్రమే పుట్టలేదు. 1976 మార్చి 1న సియోల్‌లోని మ్యోంగ్‌డాంగ్ కతీడ్రల్‌లో నియంతృత్వానికి వ్యతిరేకంగా ఒక ప్రకటన చదివారు. ఆ కేసులో జైలుకు వెళ్ళినవారిలో అన్ బ్యుంగ్ మూ, సు నామ్ డోంగ్ అనే వేదాంత పండితులతో పాటు కిమ్ దే జుంగ్ అనే రాజకీయ నాయకుడూ ఉన్నాడు.

కిమ్ 1957లో కతోలిక సంఘంలో బాప్తిస్మం పొంది థామస్ మోర్ అనే పేరు తీసుకున్నాడు. 1973లో టోక్యోలో అపహరణకు గురయ్యాడు. 1980లో మరణశిక్ష పడింది. మూడుసార్లు ఓడి, నాలుగోసారి, 1997లో, అధ్యక్షుడిగా గెలిచాడు. ఒకప్పుడు ఉరికంబం నీడలో ఉన్న ఈ మనిషి పాలనలో ఆ దేశంలో ఒక్కరినీ ఉరి తీయలేదు. అదే పాలనలో ఆర్థిక సంక్షోభం పేరుతో వేలాది కార్మికులు ఉద్యోగాలు కోల్పోయారు, ఆయన కుమారులు అవినీతి కేసుల్లో శిక్ష పొందారు. పోరాడినప్పుడు ప్రవక్తలా కనిపించిన వ్యక్తి పీఠం ఎక్కాక రాజుల గ్రంథంలోని రాజులా మిశ్రమంగా కనిపించాడు.

ఇంత దూరపు చరిత్రను శ్రద్ధగా చదివే మనం, అదే ప్రశ్నను మన ప్రకాశం జిల్లా నేల మీద లేవనెత్తిన జీవితాన్ని ఎందుకు చదవలేదు?

2. జైలు నుంచి చట్టం వరకు

తారకం కోనసీమలోని కందికుప్పలో 1939 జూన్ 27న జన్మించాడు. తండ్రి బొజ్జా అప్పలస్వామి షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ నాయకుడు, శాసనసభ్యుడు. కనుక పదవి అంటే ఏమిటో తారకం ఇంట్లోనే చూశాడు. న్యాయవాదిగా నిజామాబాదులో పనిచేస్తూ అంబేద్కర్ యువజన సంఘం ద్వారా గ్రామాల్లో వ్యవసాయ కూలీలను కూడగట్టాడు. 1975 జూన్ 25న విధించిన అత్యవసర పరిస్థితిలో ఆయనను జైల్లో పెట్టారు.

ఆ కాలంలో 1976 ఏప్రిల్ 28న సుప్రీం కోర్టు, నిర్బంధంలో ఉన్నవారు హెబియస్ కార్పస్ కోరలేరని తీర్పు చెప్పింది. భారత క్రైస్తవ సంఘంలో ఎం.ఎం. థామస్, మార్తోమా సంఘపు యుహానోన్ మెట్రోపాలిటన్ వంటి కొందరు గొంతెత్తారు. అధిక సంఖ్యాకులు రోమా 13వ అధ్యాయాన్ని ఆశ్రయించి మౌనం వహించారు.

చట్టం తనను కాపాడని రోజులు చూసిన మనిషి చట్టాన్ని అసహ్యించుకోవచ్చు. తారకం అలా చేయలేదు. 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే పుస్తకం రాశాడు. అరెస్టయిన సామాన్యుడికి ఏ హక్కులున్నాయో, పోలీసులు ఏం చేయకూడదో తెలుగులో చెప్పే పుస్తకమది. 'నది పుట్టిన గొంతుక' రాసిన కవి ఇలాంటి పుస్తకం రాయడానికి వెనుకాడలేదు. దానిని అపొస్తలుల కార్యములు 16, 22 అధ్యాయాలతో కలిపి చదవాలని నా మనవి. ఫిలిప్పీలో పౌలు రహస్యంగా విడుదల కావడానికి ఒప్పుకోలేదు, అధికారులే స్వయంగా రావాలన్నాడు. యెరూషలేములో కొరడా దెబ్బకు ముందే, విచారణ లేకుండా రోమీయుణ్ణి కొట్టడం న్యాయమా అని శతాధిపతిని అడిగాడు. ఈ భాగాలను మనం దైవ సంరక్షణ అనే శీర్షిక కింద బోధిస్తాం. పౌలు తన పౌరసత్వాన్ని ఉపయోగించాడనే విషయాన్ని దాటవేస్తాం. రోమా 13 రాసినవాడే ఈ ప్రశ్నలూ అడిగాడు.

3. చెరువు దగ్గర సువార్త

నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభం చెరువును నింపి, మార్కాపురం ప్రాంతం మీదుగా ఒంగోలు వైపు సాగి సముద్రంలో కలుస్తుంది. 1878 జూలై 3న వెలుంపల్లి దగ్గర ఆ నదిలోనే ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. అప్పటి కరువును, ఆ బాప్తిస్మాన్ని మన సంఘ చరిత్రకారులు విస్తారంగా రాశారు. ఆ నీటిలోంచి లేచిన ప్రజకు ఊరి నీటి మీద హక్కు వచ్చిందా అనే ప్రశ్నను మాత్రం అంతగా రాయలేదు.

ఆ ప్రశ్న 1985లో కారంచేడులో రక్తంతో తిరిగి వచ్చింది. మాదిగలు తాగే చెరువు నీటిని మురికి చేయడాన్ని అభ్యంతరపెట్టిన స్త్రీ పేరు సువార్త. మరునాడు, జూలై 17న, వాడపై దాడి జరిగి ఆరుగురు హతులయ్యారు. స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. మృతుల్లో మోషే, యెహోషువ అనే పేర్లున్నాయి. ప్రాణాలతో మిగిలినవారు చీరాలకు పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. సంఘం తలుపు తెరిచింది, దానిని మరువరాదు. కాని తలుపు తెరవడం వేరు, ఆ ప్రజల పక్షాన వీధిలోకి రావడం వేరు.

అప్పుడు తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. ఆ పదవికి రాజీనామా చేశాడు. ఆ ఏడాదే ఏర్పడిన దళిత మహాసభలో కత్తి పద్మారావుతో కలిసి నాయకత్వం వహించాడు. 2008 డిసెంబరులో సుప్రీం కోర్టు తుది తీర్పు ఇచ్చేనాటికి 23 సంవత్సరాలు గడిచాయి.

ఇక్కడ 1 రాజులు 18వ అధ్యాయంలోని ఓబద్యాను జ్ఞాపకం చేసుకోవాలి. అతడు అహాబు గృహనిర్వాహకుడు. పదవిలో ఉంటూనే నూరుమంది ప్రవక్తలను గుహల్లో దాచి పోషించాడు. లేఖనం అతణ్ణి నిందించదు. అదే రాజు కాలంలో నాబోతును చంపించి అతని ద్రాక్షతోటను స్వాధీనం చేసుకున్నప్పుడు (1 రాజులు 21) రాజు ముందు నిలబడినవాడు ఓబద్యా కాదు, బయటినుంచి వచ్చిన ఏలీయా. లోపల ఉన్నవాడు ప్రాణాలు కాపాడగలడు. హత్య చేసి పొలం తీసుకున్నావని రాజు ముఖం మీద చెప్పడం అతనికి కష్టం. తారకం ఓబద్యా స్థానం విడిచి ఏలీయా వైపు నడిచాడు. అతని రాజీనామా అర్థం ఇదేనని నేను భావిస్తున్నాను.

4. విమర్శనాత్మక పరిశీలన

అయితే ఏలీయా పార్టీ పెట్టలేదు. తారకం పెట్టుబడి లేని రాజకీయంలోకి దిగాడు, రిపబ్లికన్ పార్టీకి రాష్ట్ర నాయకత్వం వహించాడు. ఆ రాజకీయం ఓట్లలో పెరగలేదు. ఆయన శాసనసభలో కూర్చోలేదు. మహాసభలో చీలికలు వచ్చాయి. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలయ్యాక, 'దళిత' అనే ఒక్క మాట కింద అందరినీ నిలపడం ఇంకా కష్టమైంది. కారంచేడులో చనిపోయినవారు మాదిగలు. వారి పేరు మీద నడిచిన ఉద్యమంలో వారి వాటా ఎంత అనే ప్రశ్న న్యాయమైనదే. ఉపవర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీం కోర్టు చెప్పేవరకు ఆ ప్రశ్న కోర్టుల్లో నలిగింది. మన సంఘాల ఎన్నికల్లో కూడా అది నలుగుతూనే ఉన్నది కనుక, ఉద్యమంపై రాయి వేసే అర్హత మనకు తక్కువ.

తారకంపై వచ్చే ప్రశంసల్లో ఒక లోపం కనిపిస్తుంది. అవి ఆయనను నిప్పుగా, సింహంగా వర్ణించి, ఓటమిని దాటిపోతాయి. సంఘంలో మనం రాసే దైవసేవకుల జీవిత చరిత్రలదీ ఇదే దోషం: జననం, మారుమనస్సు, పిలుపు, శ్రమలు, విజయం. ఈ చట్రంలో ఎన్నికల్లో గెలవని రాజకీయ జీవితానికి చోటు లేదు. కాని యిర్మీయా గ్రంథానికీ ఈ చట్రంలో చోటు లేదు. అతని మాట విన్న రాజు లేడు, అతడు చెప్పిన నగరం కూలిపోయింది. అయినా ఆ గ్రంథం లేఖనంలో నిలిచింది.

పశ్చిమ ప్రకాశంలో నాయకుణ్ణి నీటితో కొలుస్తారు. కమ్యూనిస్టు ఉద్యమంలోంచి శాసనసభకు వెళ్ళిన పూల సుబ్బయ్య పేరు వెలిగొండ ప్రాజెక్టుకు పెట్టడంలో ఆ కొలత కనిపిస్తుంది. 1996లో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు నీటి కోసం ప్రజలు దశాబ్దాలు ఎదురుచూశారు. ఎండిన బోర్ల మధ్య, ఫ్లోరైడు నీటి మధ్య బ్రతికే ప్రజలు అలా కొలవడం తప్పు కాదు. తారకం కట్టించిన కాలువ లేదు. కాని కారంచేడులో గొడవ కాలువ గురించి కాదు, ఉన్న చెరువులో ఎవరి కడవకు గౌరవం ఉన్నది అనే దాని గురించి. ఆ కొలతకు ఆయన జీవితం నిలుస్తుంది.

ముగింపు

కిమ్ పీఠం ఎక్కి సగం గెలిచాడు, సగం పోగొట్టుకున్నాడు. తారకం పీఠం ఎక్కలేదు, ఉన్న పదవినే విడిచాడు. ఓబద్యా పదవిలో ఉండి వందమందిని బ్రతికించాడు. వీరిలో ఎవరి మార్గం సరైనదో ఒకే సూత్రంతో తేల్చలేము. ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటి: పదవి ఎవరి కోసం అనే ప్రశ్నను వారు విడిచిపెట్టలేదు.

కోరెషు దేవుణ్ణి ఎరుగకపోయినా దేవుడు అతణ్ణి అభిషిక్తుడని పిలిచాడని యెషయా 45వ అధ్యాయం చెబుతుంది. అలాంటప్పుడు మన సంఘపు రిజిస్టరులో పేరు లేని మనిషి నుంచి నేర్చుకోవడానికి మనం సిగ్గుపడనవసరం లేదు. వచ్చే ఎన్నికల ఆదివారం అభ్యర్థి మందిరానికి వచ్చినప్పుడు కాపరి ప్రార్థన చేయవచ్చు. ప్రార్థనకు ముందు, ఈ ఊరి పంపు దగ్గర, ఈ ఊరి శ్మశానం దగ్గర, ఈ ఊరి పోలీసు స్టేషను దగ్గర ఈ సంఘస్థుల సంగతి ఏమిటని ఒక్క ప్రశ్న అడగాలి. ప్రహరీ గోడ సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.