ఆసుపత్రి చిట్టా నుండి వైద్య పత్రిక దాకా: ఒక వరంగల్లు వ్యాసముపై విమర్శ

రోగి ఆసుపత్రి గడప దాటిన తరువాత అతని కేసు షీటు ఒక కట్టలో చేరును. ఆ కట్ట అటక మీదికి చేరును. వచ్చిన జబ్బు, ఇచ్చిన మందు, దక్కిన ప్రాణము, దక్కని ప్రాణము అన్నియు ఆ కాగితములలోనే ఉండును. కాని చదువువారు లేనిచో ఆ వివరములు ఉన్నను లేనట్లే. ఆ కట్టలు విప్పి, లెక్క కట్టి, తేలిన సంగతిని పదిమందికి తెలియజెప్పుట వైద్య పత్రికలలో వెలువడు వ్యాసముల పని. ఆ వ్యాసములను ఎట్లు సిద్ధపరచవలెనో, ఎట్లు పంపవలెనో చెప్పు నియమావళులకు కొదువ లేదు. అయినను నియమముల పట్టికకన్న ఒక మంచి ఉదాహరణము ఎక్కువ నేర్పును. అట్టి ఉదాహరణము వరంగల్లులోనే కలదు.

2005వ సంవత్సరమున 'ట్రాపికల్ మెడిసిన్ అండ్ ఇంటర్నేషనల్ హెల్త్' అను అంతర్జాతీయ పత్రికలో, దక్షిణ భారతమున పురుగుమందుల వలన కలుగు విషబాధను గూర్చి ఒక వ్యాసము వెలువడినది. సి.హెచ్. శ్రీనివాసరావు, వి. వెంకటేశ్వర్లు, టి. సురేందర్‌లతోబాటు, విషచికిత్సా రంగమున పేరెన్నికగన్న మైకేల్ ఎడిల్‌స్టన్, నికొలస్ బక్లే దీని రచయితలు. పేరులో దక్షిణ భారతమని ఉన్నను అందలి విషయమంతయు వరంగల్లు జిల్లాది.

వరంగల్లు పత్తి పండు ప్రాంతము. 1997-98లో పైరుకు పురుగు పట్టి, పెట్టుబడి నేలపాలై, అప్పులు తీరు దారి కానక అనేకులు రైతులు ప్రాణములు తీసుకొన్న వార్త దేశమంతటను వినబడినది. పురుగును చంపలేకపోయిన మందే మనిషిని చంపినది. వార్తాపత్రికలు మరణములను గూర్చి వ్రాసినవి. ఊపిరితో ఆసుపత్రికి చేరినవారి సంగతి ఏమి? వారిలో ఎందరు దక్కినారు? దక్కనివారిలో కొందరినైనను దక్కించుకొనుటకు వీలున్నదా? ఈ ప్రశ్నలకు కన్నీరు సమాధానము కాదు; లెక్క కావలెను. ఆ లెక్కను కట్టుటయే ఈ వ్యాసము చేసిన పని.

వ్యాసమునకు ప్రాణము ప్రశ్న. చాల వ్రాతప్రతులలో మొదట సమాచారమును పోగుచేసి, పిమ్మట దానికి తగిన ప్రశ్నను వెదకుట కనబడును. ఇచ్చట అట్లు జరుగలేదు. జిల్లాలో ఈ విషబాధ ఎంత తరచుగా కలుగుచున్నది, ఎవరికి కలుగుచున్నది, ఒక పెద్ద ఆసుపత్రిలో చికిత్స ఎట్లున్నది, దాని ఫలితమేమి అనునవి తొలుతనే స్పష్టముగా చెప్పబడినవి. తరువాత వచ్చు ప్రతి అంకెయు వీనిలో ఏదో ఒకదానికి జవాబు. ప్రశ్నకు సంబంధింపని అంకె ఎంత కష్టపడి సేకరించినదైనను వ్యాసమునకు బరువే కాని బలము కాదు.

పద్ధతిని చెప్పుటలోను ఇదే నిక్కచ్చితనము కలదు. 1997 నుండి 2002 వరకు పురుగుమందు విషముతో జిల్లా ప్రభుత్వాసుపత్రిలో చేరిన వారినందరిని రచయితలు లెక్కలోనికి తీసుకొన్నారు. ఏ మందు మ్రింగినారు, ఏ చికిత్స జరిగినది అను వివరములను మాత్రము 2002వ సంవత్సరపు కేసు షీట్ల నుండియే ఎత్తి వ్రాసినారు. ఆరేండ్ల లెక్క వేరు, ఒక ఏటి వివరము వేరు అని విడదీసి చెప్పుట వలన, ఏ మాట ఎంతవరకు చెల్లునో పాఠకునికి తెలియును. రెండింటిని కలగలిపి ఆరేండ్ల వివరములున్నట్లు భ్రమ కల్పించుట కష్టమైన పని కాదు. ఆ సులభమైన దారిని త్రొక్కకపోవుట ఈ వ్యాసపు మొదటి సుగుణము.

ఇక ఫలితములు. ఆ ఆరు సంవత్సరములలో చేరినవారు 8,040 మంది. అనగా రోజుకు ముగ్గురు, నలుగురు. వారిలో నూటికి 22.6 వంతున మరణించినారు; అనగా 1,800 ప్రాణములకు పైమాట. 2002లో చేరినవారిలో మూడింట రెండు వంతులు ముప్పది ఏండ్లు నిండనివారు. నూటికి 57 మంది పురుషులు. నూటికి 96 మంది తామై విషము తీసుకొన్నవారు. ఏ మందో తెలిసిన మరణములలో అధికభాగమునకు మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ అను రెండు మందులే కారణము. ఈ అంకెలకు విశేషణములు తగిలింపబడలేదు. అవసరము కూడ లేదు.

అయితే ఈ వ్యాసము విలువ మరణముల లెక్కతో ముగియదు. చికిత్సలోని లోపములను కూడ ఇది దాచలేదు. విరుగుడుగా వాడు అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ అను మందులను ఎక్కువమందికి తక్కువ మోతాదులో, అదియు ముందుగా నిర్ణయించిన ఒకే మోతాదులో ఇచ్చినట్లును, కొందరికి తగని విరుగుడులు కూడ ఇచ్చినట్లును రచయితలు తేటతెల్లముగా వ్రాసినారు.

దీని ప్రాముఖ్యము తెలియవలెనన్న ఆ విషము పనిచేయు తీరు తెలియవలెను. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేటు మందులు శరీరములోని కోలినెస్టరేస్ అను ఎంజైమును పని చేయనీయవు. అందుచేత నరముల కొనలయందు అసిటైల్‌కోలిన్ అను పదార్థము పేరుకొనిపోవును. నోట చొంగ కారును, ఊపిరితిత్తులలో నీరు ఊరును, గుండె వేగము తగ్గును, తుదకు ఊపిరాడదు. అట్రోపిన్ ఈ ప్రభావములలో పెక్కింటిని అడ్డుకొనును. కాని ఎంత ఇవ్వవలెనన్నది సీసాపై వ్రాసి ఉండదు, రోగి చెప్పవలెను. ఊపిరితిత్తులు తేటపడువరకు, నాడి కుదుటపడువరకు, కొద్ది నిమిషములకొకసారి పరీక్షించుచు మోతాదును పెంచుకొనుచు పోవలెను. అందరికి ఒకే కొలత అనుటలో ఉన్న ప్రమాదమిదే. ఎండోసల్ఫాన్ సంగతి మరియొకటి. అది ఆర్గానోక్లోరిన్ జాతిది, మూర్ఛలు తెప్పించును, దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. కావున ఏ డబ్బా నుండి త్రాగినాడో తెలిసికొనుట కూడ చికిత్సలో భాగమే.

తమ ఊరి ఆసుపత్రిలోని కొరతను ప్రపంచమునకు చాటుట కొందరికి నామోషీగా తోచవచ్చును. నిజమునకు అది వైద్యధర్మము. రచయితలు ఎవరినో నిందించుటకు వ్రాయలేదు. అదనపు డబ్బు లేకుండనే, మెరుగైన చికిత్స వలనను, మిక్కిలి విషపూరితమైన మందులపై ఆంక్షల వలనను మరణములను తగ్గించు అవకాశమున్నదని చెప్పుటకు వ్రాసినారు. లోపమును దాచిన వ్యాసములో ఈ ఆశకు తావుండదు. అంతయు సవ్యముగానే జరిగినదన్నచో, పోయిన ప్రాణములన్నియు పోవలసినవే అని ఒప్పుకొన్నట్లగును.

గుణములను చెప్పిన పిమ్మట కొరతలను చెప్పకున్న విమర్శ కాదు. మొదటిది, పాత కేసు షీట్ల నుండి తీసిన సమాచారము వ్రాసినవారి ఓపికపై ఆధారపడును. రాత్రి రెండు గంటలకు రోగిని చేర్చుకొన్న వైద్యుడు ప్రాణము నిలుపుటకు చూచునా, కాగితము నింపుటకు చూచునా? అందుచేత ఏ మందు మ్రింగినాడో తెలియనివారు ఎప్పుడును కొందరుందురు. ఆ ఖాళీలు ఏ వైపునకు మొగ్గునో చెప్పలేము. రెండవది, ఆసుపత్రి లెక్కలో దారిలో ప్రాణము విడిచినవారు లేరు, ఊరిలోనే కన్నుమూసినవారు లేరు. కావున నూటికి 22.6 అనునది ఆసుపత్రికి చేరినవారి నిష్పత్తియే కాని జిల్లాలో విషము తీసుకొన్న వారందరి నిష్పత్తి కాదు. మూడవది, మోతాదునకును మరణమునకును ముడిపెట్టుట ఇట్టి సమాచారముతో సాధ్యము కాదు. జబ్బు ముదిరిన వారికే మందు ఎక్కువగా పడుట సహజము. నాలుగవది, ఆసియా, పసిఫిక్ ప్రాంతపు అనేక గ్రామీణ ఆసుపత్రులలోను ఇదే స్థితి ఉండవచ్చునను ముగింపు. ఒక్క ఆసుపత్రి చూపిన దానిని ఇంత దూరము చాచుట సాహసమే. 'ఉండవచ్చును' అను మాట ఒక్కటే దానిని హద్దులో నిలిపినది.

హద్దు నెరిగి వ్రాయు సంప్రదాయము ఈ గడ్డపై కొత్తది కాదు. 1897 ఆగస్టులో సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా సూక్ష్మజీవిని కనుగొన్న సంగతి అందరును ఎరిగినదే. అదే సంవత్సరము డిసెంబరులో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో వెలువడిన ఆయన వ్యాసపు పేరు చూడుడు: మలేరియా రక్తము త్రాగిన రెండు దోమలలో కనబడిన కొన్ని వింత కణములను గూర్చి అని మాత్రమే. మలేరియా మర్మము విడిపోయినదని ఆయన చాటలేదు. చూచిన దోమలు రెండు గనుక రెండు అనియే వ్రాసినారు. పైగా తన కన్నును తానే నమ్మక, స్మిత్ అను మరియొక వైద్యాధికారి అభిప్రాయమును వ్యాసమునకు జతపరచినారు. అచ్చుకు ముందు తోటి నిపుణుల పరిశీలన అని నేడు పిలుచుదానికి మూలసూత్రము ఇదే: నీవు చూచినది మరియొకరికి కూడ కనబడవలెను.

నేటి నియమములన్నియు ఈ సూత్రము నుండి పుట్టినవే. 1978లో కెనడా దేశములోని వాంకూవర్ నగరమున కొందరు వైద్య పత్రికల సంపాదకులు సమావేశమై వ్రాతప్రతులకు ఉమ్మడి నియమములను ఏర్పరచుటకు పూనుకొన్నారు. ఉపోద్ఘాతము, పద్ధతి, ఫలితములు, చర్చ అను నాలుగు భాగముల విభజన నేడు ఎల్లెడల వాడుకలో ఉన్నది. పరిశీలనాత్మక అధ్యయనములకు 2007లో స్ట్రోబ్ అను 22 అంశముల జాబితా వచ్చినది. వరంగల్లు వ్యాసము అప్పటికే అచ్చయి యున్నది. రచయితగా పేరుండవలెనన్న పరిశోధనలో పాలుపంచుకొనవలెను, వ్రాతలో గాని దిద్దుబాటులో గాని చేయి ఉండవలెను, తుది ప్రతిని ఆమోదించవలెను, అందలి ప్రతి మాటకు బాధ్యత వహించవలెను. విభాగాధిపతి అయినంత మాత్రమున పేరు చేర్చుట మర్యాద కాదు, అసత్యము. నైతిక సంఘము అనుమతి, రోగి పేరు వెల్లడి కాకుండ జాగ్రత్త, ఒకే ప్రతిని ఏకకాలమున రెండు పత్రికలకు పంపకుండుట, ఎవరి ధనసహాయము పొందినారో తెలుపుట—ఇవి కాగితపు తతంగములుగా తోచును గాని ప్రతిదాని వెనుక ఎప్పుడో జరిగిన ఒక మోసమో, ఒక అన్యాయమో ఉన్నది.

వరంగల్లులో 1959 నుండి కాకతీయ వైద్య కళాశాల ఉన్నది. కాళోజీ నారాయణరావు పేరిట నెలకొల్పిన ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము ఈ నగరములోనే ఉన్నది. దాని క్రిందనున్న కళాశాలలలో పై చదువులు చదువు ప్రతి వైద్యుడును ఒక సిద్ధాంత వ్యాసము వ్రాయవలసినదే. వానిలో ఎన్నో పట్టా చేతికి రాగానే బీరువాలలో నిద్రించును. మరికొన్ని ఉద్యోగములో పై మెట్టు ఎక్కుటకు లెక్క చూపవలసి వచ్చినపుడు, డబ్బు తీసికొని పరిశీలన లేకుండ అచ్చువేయు పత్రికల పాలగును. మొదటిది నష్టము, రెండవది అంతకన్న కీడు. అచ్చయిన తప్పును చదివి మరియొక వైద్యుడు మందు ఇచ్చును గదా!

పత్రికను ఎన్నుకొనుటలో కూడ వరంగల్లు వ్యాసము ఒక పాఠము చెప్పుచున్నది. ఉష్ణమండల దేశముల ఆరోగ్యమును పట్టించుకొను పత్రికకు ఉష్ణమండలపు సమస్యను పంపినారు. ఆ పత్రిక చదువువారికి ఈ సమస్య పరాయిది కాదు. అయినను ఒక వెలితి మిగిలినది. ఇంగ్లీషులో వ్రాసినది ఇంగ్లీషు చదువుకొన్న వైద్యునికి చేరును. పురుగుమందుల దుకాణదారునికి, ఊరి ఆరోగ్య కార్యకర్తకు, రైతు ఇంటివారికి చేరదు. డబ్బాను వెంట తీసికొని రావలెను, ఆలస్యము చేయరాదు అను రెండు మాటలు తెలుగులో ఒక పుట సారాంశముగా వెలువడినచో, దాని ఉపయోగము మూలవ్యాసమునకు తీసిపోదు. ఇది ఈ రచయితల తప్పు కాదు. వైద్య పత్రికల ఏర్పాటులోనే ఉన్న లోపము.

2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాను తయారీని, అమ్మకమును, వాడకమును దేశమంతటను నిలిపివేసినది. కేరళలోని కాసరగోడు బాధితుల గోడు దానికి ముఖ్యమైన నేపథ్యము. ఒక వరంగల్లు వ్యాసమునకు ఆ ఘనతను కట్టబెట్టుట సరి కాదు. కాని నిర్ణయములు జరుగునాటికి లెక్కలు సిద్ధముగా ఉండవలెను. అవి లేనిచోట అరుపులే మిగులును. ఏ మందు ఎందరిని చంపుచున్నదో, ఏ చికిత్స ఎందుకు చాలకున్నదో అంకెలతో, కొరతలతో సహా చెప్పి పెట్టిన ఈ వ్యాసము ఆ విధముగా తన కర్తవ్యమును నెరవేర్చినది. వ్రాతప్రతి సిద్ధపరచుకొను యువ వైద్యులు నియమావళిని చదువుటకు ముందు దీనిని చదువుట మేలు. తమ ఆసుపత్రి అటక మీద ఇట్టి కట్టలు ఎన్ని యున్నవో అప్పుడు వారికి గుర్తుకు రావచ్చును.