ముందు కుళాయి, తర్వాత గోడలు

ఇందోర్‌లోని అరణ్య కాలనీలో అతిచిన్న ఇంటిస్థలం 35 చదరపు మీటర్లు, అంటే సుమారు 42 గజాలు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పేదలకు పంచిన సెంటు స్థలం 48 గజాలు. ఆ లెక్కన మనదే కాస్త నయం. అయినా 1995లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం అందుకుంది అరణ్యే. కట్టించేవాళ్లు డబ్బు ముందుగా దేనిమీద పెట్టారన్నదే అసలు తేడా.

1980లలో ఇందోర్ అభివృద్ధి సంస్థ ఈ కాలనీ రూపకల్పనను వాస్తుశిల్పి బాలకృష్ణ దోషికి అప్పగించింది. వాస్తుశిల్పంలో ఇచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతిని (2018) పొందిన తొలి భారతీయుడు ఆయనే. ప్లాను గీయకముందే ఆయన బృందం ఊళ్లోని మురికివాడలు తిరిగింది. అరుగు, చెట్టునీడ, గుమ్మం పక్క దుకాణం పేదవాడి ఇంటికి ఎంత పనికొస్తున్నాయో చూసి రాసుకుంది.

అందుకే పేద కుటుంబానికి పూర్తి ఇల్లు కట్టి తాళంచెవి ఇవ్వలేదు. పునాది వేసిన స్థలం, మరుగుదొడ్డి, స్నానాల గది, నీళ్లు, కరెంటు ఇచ్చారు. కొందరికి ఒక గది కూడా. మిగతాది చేతిలో డబ్బు ఆడినప్పుడు వాళ్లే కట్టుకోవాలి. ఇందులో గొప్ప వివేకం ఉంది. గోడ లేపడానికి ఊళ్లో మేస్త్రీ చాలు, ఈ ఏడు ఒక గది, పైఏడు ఇంకో గది. మురుగు కాలువ మాత్రం ఒక్క కుటుంబం తవ్వుకునేది కాదు. మన లేఅవుట్లలో చాలాచోట్ల గోడలు లేచాక డ్రైను కోసం ఏళ్లతరబడి ఎదురుచూస్తున్నారు.

అరణ్యలో ఇళ్లు పక్కపక్కన గోడలు కలిపి వరసగా ఉంటాయి. ఖర్చు తగ్గుతుంది, ఎండ తగిలే గోడలూ తగ్గుతాయి. కాలనీ అంచున పెద్ద స్థలాలను డబ్బున్నవాళ్లకు అమ్మి, ఆ లాభాన్ని పేదల స్థలాలకు మళ్లించారు.

దోషి 80 నమూనా ఇళ్లు కట్టి చూపించాడు. ఇలాగే కట్టండని కాదు, ఇన్ని రకాలుగా కట్టుకోవచ్చని. వాటిలో నాకు ఎంతో నచ్చేది బయటి మెట్లు. ఇంటికీ వీధికీ మధ్య వదిలిన సన్నటి పట్టీలో మెట్లు, అరుగు, పైన చిన్న బాల్కనీ కట్టుకోవచ్చు. మెట్లు బయట ఉంటే, రేపు పైన గది వేసి అద్దెకిచ్చినా వాళ్లు మన వంటగదిలోంచి నడవక్కర్లేదు. పెళ్లయిన కొడుకు పైన కాపురం పెట్టొచ్చు. కింద అరుగుమీద అమ్మ ఇడ్లీ కొట్టు నడుపుకోవచ్చు. పెంకుటింటి అరుగు తెలిసిన మనకు ఇది వేరే చెప్పాలా?

కొందరు స్థలాలు అమ్ముకుని వెళ్లిపోయిన మాట నిజమే. ఆ స్థలాల్లో పెద్ద మేడలు లేచాయి. దానివల్ల కట్టిన పద్ధతి తప్పయిపోదు. ఇంటి పట్టా పేదవాడి చేతిలో నిలవాలంటే బతుకుతెరువు దగ్గర్లో ఉండాలి. ఊరికి దూరంగా చవక పొలం కొని లేఅవుట్ వేసే మన అధికారులు ముందు ఆలోచించాల్సింది దీని గురించే.

టెండరు పిలిచేటప్పుడు ఇంటి విస్తీర్ణం, శ్లాబు మందం రాస్తారు. వాటి పక్కనే మరో నాలుగు రాయాలి: ఇళ్లకంటే ముందు డ్రైను పూర్తి కావాలి, పునాది పై అంతస్తును మోయాలి, మెట్లు బయట ఉండాలి, గుమ్మం ముందు అరుగుకు చోటు వదలాలి.